కుక్కకు తగిన ఇల్లు

కొండ ఊళ్లో కుక్క

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు. ఇవి తూర్పు కనుమల్లోని ఊళ్లు. ఇదివరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి.

ఇక్కడి ఇళ్ల దగ్గర ఆవులుంటాయి. మేకలుంటాయి. కోళ్లుంటాయి. వీటితోపాటు కుక్క కూడా ఉంటుంది.

కొండ ఇంట్లో మేక అంటే దాచుకున్న డబ్బు. బిడ్డకు జ్వరం వస్తే మేకను సంతకు తోలతారు. పెళ్లి కుదిరితే మేకను తోలతారు. అప్పు ఇచ్చినవాడు గుమ్మంలో కూర్చుంటే మేకను తోలతారు. చాలా ఇళ్లలో మేకల మంచిచెడ్డలు చూసేది ఆడవాళ్లే. మందకు నష్టం వస్తే అది ఆడవాళ్ల కష్టానికి వచ్చిన నష్టమే.

రాత్రి దొడ్డి దగ్గర అలికిడి అయితే ముందు లేచేది కుక్క. నక్క వచ్చిందా, చిరుతపులి వచ్చిందా, దొంగ వచ్చాడా అని ఇల్లు లేపేది కుక్క. మనిషికి ఇది పాత చుట్టం. ఆవు కంటే, మేక కంటే, కోడి కంటే ముందు మనిషి దగ్గరికి చేరింది కుక్కే. అది పదివేల ఏళ్లకు పైబడిన మాట.

అయితే అన్ని కుక్కలూ ఒకటి కావు. అన్ని ఇళ్లూ ఒకటి కావు. ఏ కుక్క ఏ ఇంట్లో ఉంటే మనిషికీ, మందకూ, కుక్కకూ మేలు? ఈ పాఠం దాని గురించే.

కాపలా కుక్క, తోలే కుక్క

మంద దగ్గర కుక్క చేసే పనులు రెండు. ఒకటి కాపలా. రెండు తోలడం.

కాపలా కుక్క మందతోనే నడుస్తుంది. మందతోనే పడుకుంటుంది. ఎక్కువ పరుగులు పెట్టదు. కొత్త మనిషో, మృగమో వస్తే లేచి మొరుగుతుంది. హిమాలయ కొండల్లో గద్దీలు అనే గొర్రెల కాపరులున్నారు. వాళ్లు ఇలాంటి పెద్ద కుక్కలను పెంచుతారు. చిరుతపులి మెడ పట్టుకోకుండా వాటి మెడకు ముళ్లున్న ఇనుప పట్టీ కడతారు. మన తెలుగు నేల మీద గొల్లలు, కురుమలు గొర్రెలను తోలుకుని దూరాలు పోతారు. వాళ్ల మందల వెంట కూడా కాపలా కుక్కలు నడుస్తాయి.

తోలే కుక్క వేరు. అది మంద చుట్టూ తిరుగుతుంది. విడిపోయిన జీవాన్ని మళ్లీ మందలో కలుపుతుంది. దానికి రోజంతా పరిగెత్తే సత్తువ ఉంటుంది. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో బోర్డర్ కోలీ అనే జాతి ఉంది. 1893లో పుట్టిన హెంప్ అనే కుక్క ఆ జాతికి మూలం. అది ఎక్కువ అరిచేది కాదు. చూపుతోనే గొర్రెలను కదిలించేదని పేరు.

జర్మనీలో 1899లో గొర్రెల కుక్కల నుంచి ఒక జాతిని తయారుచేశారు. దాని పేరు జర్మన్ షెపర్డ్. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి. మన పట్నాల్లో దాన్నే అల్సేషియన్ అంటారు. పోలీసుల దగ్గర కనిపిస్తుంది. మేడల ముందు గొలుసుతో కట్టి ఉంటుంది. కానీ దాని ముత్తాతలు గొర్రెలు తోలినవే.

తోలే గుణం ఎక్కడి నుంచి వచ్చింది? వేట నుంచి వచ్చింది. తోడేలు ముందు చూస్తుంది. తర్వాత పొంచి ఉంటుంది. తర్వాత తరుముతుంది. చివరికి పట్టి చంపుతుంది. మనిషి తరతరాలుగా కుక్కలను ఏరుకుంటూ వచ్చాడు. చూసే గుణం, తరిమే గుణం ఉంచాడు. చంపే గుణం తగ్గించాడు. తగ్గించాడు గాని అది పూర్తిగా పోలేదు. ఇది గుర్తుంచుకోవాలి.

ఇలాంటి కుక్కకు పని లేకపోతే ఏమవుతుంది? పిల్లల వెంట పరిగెడుతుంది. బండి వెంట పడుతుంది. కోళ్లను తరుముతుంది. మనుషుల మడమలు పట్టుకుంటుంది. తాడు కొరుకుతుంది. గోతులు తవ్వుతుంది. రాత్రంతా అరుస్తుంది. చూసినవాళ్లు దాన్ని చెడ్డ కుక్క అంటారు. నిజానికి దాని ఒంట్లో సత్తువ ఉంది, చేతినిండా పని లేదు. అంతే.

ఒక ఊరి కథ

ఇది ఉదాహరణ కోసం చెప్పే కథ. ఇలాంటిది ఏ ఊళ్లోనైనా జరగవచ్చు.

ఒక ఊరు ఘాటు రోడ్డు పక్కన ఉంది. అరకు చూడటానికి వచ్చే కార్లు ఆ దారినే పోతాయి. ఒకరోజు పొద్దున టీ బడ్డీ దగ్గర ఒక కుక్క కనిపించింది. నిక్కబొడిచిన చెవులు. మెడ నిండా బొచ్చు. ఎదుర్రొమ్ము మీద తెల్లమచ్చ. మెడకు తెగిన పట్టీ. అది ఊరకుక్క కాదు. అల్సేషియన్ కలిసిన కుక్క. ఎవరో తెచ్చి వదిలేసి పోయారు.

బడ్డీ నడిపే ఆమె దానికి బిస్కెట్లు వేసింది. మచ్చ అని పేరు పెట్టింది.

మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు మచ్చ మేకల మంద వెంటపడింది. మేకలు చెల్లాచెదరయ్యాయి. అదే సాయంత్రం బడి నుంచి పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తున్నారు. మచ్చ వాళ్ల చుట్టూ తిరిగింది. ఒక పిల్లాడి మడమ పట్టుకుంది. పన్ను దిగింది. రక్తం వచ్చింది.

"దీనికి పిచ్చెక్కింది. కొట్టి చంపేయండి" అని నలుగురు కర్రలు తీశారు.

"ఏటా తొందర? ముందు గుంటడి సంగతి చూడండి" అంది ఒక ముసలమ్మ.

ఆమె మాట ఊరిని కాపాడింది. ఎలాగో చూడండి.

ముందు మనిషి ప్రాణం

కుక్క కరిస్తే రేబిస్ అనే జబ్బు రావచ్చు. దీన్నే పిచ్చికుక్క జబ్బు అంటారు. జబ్బున్న కుక్క చొంగలో దాని క్రిమి ఉంటుంది. కాటు వల్ల, గీరడం వల్ల, పుండును నాకడం వల్ల అది మనిషి ఒంట్లోకి పోతుంది. జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు ఉండదు. లక్షణాలు రాకముందే టీకా వేయించుకుంటే ప్రాణం నిలుస్తుంది.

ఆ పిల్లాడి తల్లి వెంటనే కాలు కడిగింది. సబ్బు రాసింది. ధారగా నీళ్లు పోసింది. 15 నిమిషాలు అలాగే కడిగింది. ఎవరో పసుపు తెచ్చారు. ఎవరో కారం తెచ్చారు. ఎవరో ఆకు పసరు తెచ్చారు. ఆమె ఏదీ రాయనివ్వలేదు. కట్టు కూడా కట్టనివ్వలేదు. ఆ సాయంత్రమే పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయింది.

సర్కారు ఆసుపత్రుల్లో ఈ టీకా చేతి చర్మంలో వేస్తారు. ఆసుపత్రికి పోయిన రోజు ఒకసారి. ఆ రోజు నుంచి లెక్కపెట్టి 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. పన్ను దిగి రక్తం వస్తే గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు. పూర్వం బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచేవారు. ఆ పద్ధతి ఇప్పుడు లేదు. ఆ భయంతో ఆసుపత్రి మానేయకూడదు.

ఈ టీకా వెనుక ఒక తల్లి కథ ఉంది. 1885లో జోసెఫ్ మైస్టర్ అనే 9 ఏళ్ల పిల్లాణ్ణి పిచ్చికుక్క కరిచింది. తల్లి అతన్ని ఫ్రాన్సు దేశంలోని పారిస్ పట్నానికి తీసుకుపోయింది. అక్కడ లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన తయారుచేసిన కొత్త మందును జులై 6న ఆ పిల్లాడికి వేశారు. పిల్లాడు బతికాడు. అంతకుముందు పిచ్చికుక్క కాటుకు సరైన మందే లేదు. మన దేశంలో 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్ చావులు లేకుండా చేయాలని ప్రభుత్వం 2021లో ప్రణాళిక వేసింది.

మరి మచ్చను ఏం చేశారు? చంపలేదు. దూరంగా పాడుబడిన సాలలో కట్టేశారు. కరిచిన కుక్కను 10 రోజులు కనిపెట్టి చూడాలి. చంపేస్తే దానికి జబ్బు ఉందో లేదో తెలిసేది ఎలా? 10 రోజుల్లో అది తిండి మానేసినా, చొంగ కార్చినా, నడక తప్పినా, చచ్చిపోయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. అలాగని 10 రోజులు అయ్యేదాకా టీకా ఆపకూడదు. టీకా మొదటి రోజే మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఎన్ని వేయాలో డాక్టరు చెబుతారు.

మచ్చకు దూరం నుంచే గిన్నె జరిపి తిండి పెట్టారు. పిల్లలను దగ్గరికి పోనివ్వలేదు. 10 రోజులు గడిచాయి. మచ్చ బాగానే ఉంది. బాగా తిన్నది. దానికి పిచ్చి లేదని తేలింది.

అప్పుడు పశువుల డాక్టరు వచ్చి దానికి రేబిస్ టీకా వేశాడు. పేలకు, నులిపురుగులకు మందు ఇచ్చాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని చెప్పాడు. కుక్కకు మూడు నెలల వయసు నిండాక రేబిస్ టీకా వేయించాలి. డాక్టరు చెప్పిన రోజున రెండోసారి వేయించాలి. ఆ తర్వాత ప్రతి ఏడూ వేయించాలి. పశువైద్యం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

మూడు ఇళ్లు

ఆదివారం పొదుపు సంఘం మీటింగు జరిగింది. పొదుపు లెక్కలు అయ్యాక మచ్చ సంగతి వచ్చింది. దాన్ని ఎవరు పెంచాలి?

"నా దగ్గరే ఉండనీండి. నా మాట వింటంది" అంది టీ బడ్డీ ఆమె.

"నీ బడ్డీ ముందు రోజుకు ఎన్ని కార్లు పోతాయి పిన్నీ?" అని అడిగింది సంఘం లీడరు.

"లెక్కేటి? పోతూనే ఉంటాయి."

"ఇది బండి కనబడితే వెంటపడే కుక్క. పొద్దంతా కట్టేస్తే అరుస్తంది. విప్పేస్తే చక్రం కింద పడతది."

బడ్డీ ఆమె ఇంకేం మాట్లాడలేదు. ప్రేమ ఉంది. తిండి ఉంది. కానీ చోటు సరిపోదు.

రెండో ఇంటివాళ్లు ముందుకొచ్చారు. ఇంటికి కాపలా కావాలన్నారు. ఆ ఇంట్లో అందరూ కాఫీ తోటకు పోతారు. పొద్దున పోతే సాయంత్రం వస్తారు. ఇంటి దగ్గర బాలింత, పసిబిడ్డ, 20 కోళ్లు ఉంటాయి.

"రోజంతా దాన్ని తిప్పేది ఎవరు?" అని అడిగారు. జవాబు లేదు. బాలింతకు బిడ్డను చూసుకోవడమే పని. పాకే బిడ్డ దగ్గర, ఎగిరే కోళ్ల దగ్గర ఇలాంటి కుక్కను వదలకూడదు. అది చెడ్డది కాకపోయినా వదలకూడదు. కదిలేదాన్ని తరమడం దాని గుణం.

మూడో ఇల్లు మేకలామెది. ఆమెకు 22 మేకలు. రోజూ కొండ ఎక్కి దిగుతుంది. ఇంట్లో ఒక ముసలి కుక్క ఉంది. అది నెమ్మదైనది. అందరూ ఆమె వైపు చూశారు.

"నాకొద్దు" అంది మేకలామె. "ఆరు మేకలు చూడితో ఉన్నాయి. ఇది తరిమితే కడుపులు పోతాయి. అప్పుడు నా అప్పు ఎవరు తీరుస్తారు?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. చూడి మేకలను కుక్క తరిమితే ఈసుకుపోవచ్చు. కొండ అంచున తరిమితే కాళ్లు విరగవచ్చు. కుక్క మీద జాలి అందరికీ ఉంది. నష్టం మాత్రం ఒక్కరికే వస్తుంది.

లీడరు కాసేపు ఆలోచించింది. "అప్పా, నష్టం నీ ఒక్కదానిది కాకుండా చూస్తే?" అని అడిగింది.

అప్పుడు సంఘం ఇలా నిర్ణయించింది. మచ్చ ఒక నెల మేకలామె దగ్గర ఉంటుంది. నెల లోపల మచ్చ వల్ల మేకకు దెబ్బ తగిలితే సంఘం డబ్బు కడుతుంది. చూడి మేకలను వేరే దొడ్డిలో పెట్టాలి. వాటి దగ్గరికి మచ్చను పోనివ్వకూడదు. కుదరకపోతే నెల తర్వాత మచ్చను సంఘమే వెనక్కి తీసుకుంటుంది. బడ్డీ ఆమె వారానికి రెండుసార్లు వచ్చి చూస్తుంది.

"నోటి మాట వద్దు. కాగితం మీద రాయండి" అంది మేకలామె. అంతకుముందు ఏడే ఆమె సంతకం నేర్చుకుంది.

అప్పగింత కాగితం

లీడరు ఇలా రాసింది.

తేదీ: ..........
ఊరు: ..........
కుక్క పేరు: మచ్చ. మగది. నలుపు, గోధుమ రంగు. ఎదుర్రొమ్ము మీద తెల్లమచ్చ.
రేబిస్ టీకా వేసిన తేదీ: .......... మళ్లీ వేయాల్సిన తేదీ: ..........
నులిపురుగుల మందు ఇచ్చిన తేదీ: ..........
దీని గుణం: మేకలను, పిల్లలను, బండ్లను తరుముతుంది. ఒకసారి పిల్లాడి మడమ కరిచింది.
గడువు: ఒక నెల.
నష్టం వస్తే: సంఘం కడుతుంది.
కుదరకపోతే: సంఘం వెనక్కి తీసుకుంటుంది. రోడ్డు మీద వదలరు.
ఇచ్చేవారి సంతకం: ..........
తీసుకునేవారి సంతకం: ..........

కరిచిన సంగతి కూడా కాగితంలో రాశారు. ఎందుకు? దాచిపెట్టి ఇస్తే తీసుకున్నవాళ్లకు ప్రమాదం. తెలిసి తీసుకున్నవాళ్లు జాగ్రత్త పడతారు. "రోడ్డు మీద వదలరు" అని రాయడానికి కూడా కారణం ఉంది. పెంచిన జంతువును ఆకలికి, దప్పికకు వదిలేయడం నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఆ మాట చెబుతోంది.

మొదటి నెల

మొదటి వారం మచ్చను దొడ్డికి కొంచెం దూరంలో కట్టారు. మేకలు దానికి కనబడతాయి. అది మేకలకు కనబడుతుంది. ఒకదాని వాసన ఒకదానికి అలవాటైంది. అది నిమ్మళంగా పడుకున్నప్పుడు మేకలామె దానికి తిండి పెట్టింది. ఎగిరినప్పుడు పెట్టలేదు.

తిండి ఏం పెట్టింది? చోడి అంబలి, అన్నం, వారానికి నాలుగు గుడ్లు. ఉడికించిన మాంసం ముక్కలు దొరికినప్పుడు వేసింది. ఉడికిన ఎముకలు వేయలేదు. అవి పుల్లలుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

రెండో వారం పొడుగు తాడు కట్టి మంద వెంట తీసుకుపోయింది. మచ్చకు ఒకే ఒక మాట నేర్పింది. "ఆగు." ఆగితే ముద్ద పెట్టింది. ఆగకపోతే కొట్టలేదు, తాడు పట్టి నిలిపింది. ఇంట్లో ఒకరు "ఆగు" అని, ఇంకొకరు "ఉండు" అంటే కుక్కకు అర్థం కాదు. ఇంటిల్లిపాదీ ఒకే మాట అనాలి.

తొమ్మిదో రోజున పని చెడింది. గట్టు మీద కుర్రాళ్లు ఈల వేశారు. "ఉస్కో" అని అరిచారు. మచ్చ గుంజింది. తాడు పాతది, తెగిపోయింది. మంద గెడ్డలోకి పరిగెత్తింది. ఒక మేకపిల్ల కాలు బెణికింది.

ఆ రాత్రి మేకలామె లీడరు ఇంటికి వచ్చింది. "మీ కుక్కని తీసుకుపోండి" అంది.

మర్నాడు సంఘం కూర్చుంది. మేకపిల్ల మందుకు డబ్బు కట్టింది. కాగితంలో రాసుకున్న మాట నిలబెట్టుకుంది. తర్వాత తప్పు ఎక్కడుందో ఒక్కొక్కటే చూశారు. తాడు పాతది. కుర్రాళ్లు రెచ్చగొట్టారు. ఇంకొకటి, మచ్చ రాత్రంతా కట్టి ఉండి, సత్తువంతా కూడబెట్టుకుని, పొద్దున నేరుగా మేకల దగ్గరికే వస్తోంది.

మూడూ సరిచేశారు. సంతలో కొత్త తాడు కొన్నారు. కుర్రాళ్ల ఇళ్లకు పోయి వాళ్ల అమ్మలకు చెప్పారు. రోజూ పొద్దున మేకలను విప్పకముందు మేకలామె కొడుకు మచ్చను ఏటి దాకా తిప్పుకొచ్చాడు. ఒకసారి పరిగెత్తి వచ్చాక మచ్చ మేకల దగ్గర నెమ్మదిగా నడిచింది. ముసలి కుక్క పక్కన నడిచి దాని పద్ధతి చూసింది.

అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ ఉండేది. అది 1000కి పైగా బొమ్మల పేర్లు నేర్చుకుంది. పేరు చెబితే ఆ బొమ్మే తెచ్చేది. పెంచిన ఆయన మూడేళ్లు రోజూ కూర్చోబెట్టి నేర్పాడు. చదువు ఎవరికైనా అంతే. రోజూ కొంచెం, విసుగు లేకుండా.

నెల నిండింది. మచ్చ గొప్ప తోలే కుక్క కాలేదు. దాన్ని మంద దగ్గర ఒంటరిగా వదలరు. మేకలు ఈనే రోజుల్లో కట్టే ఉంచుతారు. కానీ సాయంత్రం దిగేటప్పుడు వెనకపడ్డ మేకలను మందలో కలుపుతుంది. "ఆగు" అంటే ఆగుతుంది. రాత్రి దొడ్డి దగ్గర పడుకుంటుంది. మేకలామె అప్పగింత కాగితంలో "ఒక నెల" అన్న మాట కొట్టేసింది. "ఎప్పటికీ" అని తన చేత్తో రాసింది.

మందకు వచ్చే జబ్బులు

కుక్క ఉన్న ఇంట్లో కొన్ని జబ్బుల గురించి తెలుసుకోవాలి.

పండగకు మేకను కోస్తారు. పేగులు, కాలేయం, తలకాయ పచ్చిగానే కుక్కలకు పారేస్తారు. ఇది ప్రమాదం. కొన్ని మేకల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు ఉంటాయి. అవి తిన్న కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క పెంటలో వస్తాయి. ఆ గుడ్లు చేతుల ద్వారా, ఆకుకూరల ద్వారా మనిషి నోట్లోకి పోతాయి. అప్పుడు మనిషి కాలేయంలో కూడా నీటితిత్తులు పెరుగుతాయి.

ఇంకో రకం బద్దెపురుగు మేక మెదడుకు పోతుంది. అప్పుడు మేక తల ఒకవైపు వాల్చి గుండ్రంగా తిరుగుతుంది. చాలామంది గాలి సోకిందంటారు. గాలి కాదు, పురుగు.

అందుకే పచ్చి పేగులు, తలకాయ కుక్కకు వేయకూడదు. పూడ్చాలి, లేదా బాగా ఉడికించాలి. కుక్కకు డాక్టరు చెప్పినట్టు నులిపురుగుల మందు ఇవ్వాలి. కుక్కను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి.

పిచ్చికుక్క కరిస్తే ఆవుకు, మేకకు కూడా రేబిస్ వస్తుంది. అప్పుడు ఆవు చొంగ కారుస్తుంది. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు ఉంటుంది. నోట్లో వట్టి చెయ్యి పెట్టి చూడకూడదు. డాక్టరును పిలవాలి.

కుక్కను అడవి జంతువుల మీదికి ఉసిగొల్పకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఊరకుక్కల జబ్బులు అడవిలోని రేచుకుక్కలకు కూడా అంటుకుంటాయి.

ఊళ్లో ఇల్లు దొరక్కపోతే

ప్రతి కుక్కకూ ఊళ్లో ఇల్లు దొరకదు. దిక్కులేని జంతువులను చూసే సంస్థలు పట్నాల్లో ఉన్నాయి. హైదరాబాదులో సినిమా నటి అమల 1992లో బ్లూక్రాస్ సంస్థను ప్రారంభించారు. విశాఖపట్నంలో వి.ఎస్.పి.సి.ఏ. అనే సంస్థ 1996 నుంచి ఉంది. వీధికుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటనే వదలాలని 2023 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. పశువుల డాక్టరును అడిగితే దారి చెబుతారు.

గుర్తుంచుకోండి

1. కుక్కను ఇచ్చే ముందు ఇల్లు చూడాలి. చోటు ఉందా? పని ఉందా? రోజూ తిప్పే మనిషి ఉందా?
2. పాకే బిడ్డ, కోళ్లు, పెద్ద రోడ్డు ఉన్నచోట తరిమే కుక్కను ఉంచకూడదు.
3. కుక్క గుణం దాచకుండా చెప్పాలి.
4. కుక్క కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.
5. కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించాలి.
6. కుదరకపోతే వెనక్కి తీసుకోవాలి. రోడ్డు మీద వదలకూడదు.

కొత్త మాటలు

అప్పగింత: ఒకరి నుంచి ఒకరికి ఇవ్వడం
గడువు: పెట్టుకున్న సమయం
గుణం: స్వభావం
ప్రణాళిక: ముందుగా వేసుకున్న పని పద్ధతి
రేబిస్: పిచ్చికుక్క జబ్బు

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ముసలమ్మ మాట వినకుండా ఆ రోజే మచ్చను చంపేసి ఉంటే పిల్లాడికి ఏ నష్టం జరిగేది?
2. టీ బడ్డీ ఆమెకు మచ్చ అంటే ప్రేమ. అయినా ఆమె ఇల్లు ఎందుకు సరిపోలేదు?
3. మేకలామె మొదట వద్దంది. ఆమె భయం న్యాయమేనా? మీరైతే ఏమనేవారు?
4. నష్టం సంఘం పంచుకోకపోతే మచ్చకు ఇల్లు దొరికేదా?
5. మీ ఊళ్లో ఎన్ని కుక్కలున్నాయి? ఎన్నిటికి టీకా వేశారు? ఇంటింటికీ పోయి లెక్క రాయండి. ఆ లెక్కను పశువుల ఆసుపత్రిలో ఇవ్వండి.

రాయండి

మీ ఇంట్లో కుక్క ఉంటే దాని పేరు, వయసు, టీకా వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ కనిపించేలా గోడకు అంటించండి.